‘ఉండిపో’ అనే గొంతు, ‘వెళ్తాను’ అనే గొంతు: ఒక తండ్రీకొడుకుల పాట కథ

కనుమ నాటి మధ్యాహ్నం. రాజోలు దగ్గర మా అక్కగారింటి అరుగు మీద, భోజనాలయ్యాక అందరం చేరాం. బావగారు ఎండిన కొబ్బరాకు ఒళ్లో వేసుకుని చాకుతో ఈనెలు తీస్తున్నారు. పండక్కి హైదరాబాద్ నుంచి వచ్చిన మేనల్లుడు ఫోన్‌లో ఒక ఇంగ్లీషు పాట పెట్టాడు. గిటార్ చప్పుడు, దాని మీద తాపీగా ఒక మగగొంతు.

“ఏంట్రా అది, ఎవరికో నచ్చజెబుతున్నట్టుంది?” అన్నారు బావగారు, తల ఎత్తకుండానే.

“తండ్రీ కొడుకూ మాట్లాడుకునే పాట నాన్నా. తండ్రి ఉండిపొమ్మంటాడు, కొడుకు వెళ్లిపోతానంటాడు.”

“మరి రెండో మనిషేడీ? ఒక్కడే పాడుతున్నాడుగా?”

ఇంగ్లీషు రాని మనిషి మొదటిసారి వింటూనే అడిగిన ఆ ప్రశ్న పాట గుట్టు మీదే వేలు పెట్టింది. ఇంతలో పక్కనున్న ఇంకో కుర్రాడు “ఇది ఆ పిల్లి పాటే కదా, తండ్రికి తీరికుండదు, తర్వాత కొడుక్కీ ఉండదు, అదేగా” అన్నాడు. కాదని ఒకరు, అవునని ఒకరు. తండ్రిది తప్పని ఒకరు, కొడుకుదే తొందరని ఒకరు. గంటసేపు సాగింది. ఆ గంటలో ఎన్ని విషయాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయో ఇంటికొచ్చాక ఆలోచిస్తే తెలిసింది. వాటిని విడదీసి చెప్పాలని ఈ వ్యాసం.

రెండు పాటలు ఒకటిగా ఎలా కలిసిపోయాయి

ముందు పిల్లి సంగతి తేల్చాలి. మేనల్లుడు పెట్టిన పాట పేరు ‘ఫాదర్ అండ్ సన్’. రాసి పాడింది లండన్‌లో పుట్టిన క్యాట్ స్టీవెన్స్. 1970 నవంబరులో వచ్చిన ‘టీ ఫర్ ది టిల్లర్‌మన్’ అనే ఆల్బమ్‌లోది. టిల్లర్‌మన్ అంటే పొలం దున్నేవాడు. ఆల్బమ్ అట్ట మీద బొమ్మ కూడా క్యాట్ స్టీవెన్స్ వేసిందే. ఎర్ర గడ్డం ఉన్న ఒక పల్లెటూరి మనిషి టీ తాగుతుంటాడు, దగ్గర్లో ఇద్దరు పిల్లలు ఆడుకుంటుంటారు.

పక్క కుర్రాడు చెప్పింది ‘క్యాట్స్ ఇన్ ది క్రేడిల్’. అది అమెరికా గాయకుడు హ్యారీ చేపిన్ 1974లో పాడింది. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. దాని మూలం ఆయన భార్య శాండీ రాసిన కవిత. మొదట చేపిన్ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. కొడుకు పుట్టాక మళ్లీ తీసి బాణీ కట్టాడు. తన కొడుకు విషయంలో ఈ పాట తల్చుకుంటే తనకే భయం వేస్తుందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

ఒక పాట పేరులో క్యాట్ ఉంది, ఇంకో పాట పాడినవాడి పేరులో క్యాట్ ఉంది. రెండూ గిటార్ పాటలే, దాదాపు ఒకే కాలానివి, రెండింట్లోనూ ఉన్నది తండ్రీకొడుకులే. ఇంటర్నెట్‌లో పాటల ఫైళ్లు చేతులు మారడం మొదలైన రోజుల్లో చేపిన్ పాట స్టీవెన్స్ పేరు తగిలించుకుని ఊళ్లు తిరిగింది. ఇప్పటికీ ఆ పొరపాటు వదల్లేదు.

కథలు చూస్తే మాత్రం రెండూ వేరు. చేపిన్ పాటలో మాట్లాడేది తండ్రి ఒక్కడే. బిడ్డ పుట్టాడు, తనకేమో విమానాలు అందుకోవాలి, బిల్లులు కట్టాలి. తను ఊళ్లో లేనప్పుడు వాడు నడక నేర్చుకున్నాడు. పదేళ్లప్పుడు బంతి కొనిస్తే ‘నాతో ఆడు’ అన్నాడు, ‘ఇవాళ కాదు’ అన్నాడు తండ్రి. కాలేజీ నుంచి వచ్చిన కొడుకుని కాసేపు కూర్చోమంటే కారు తాళాలు అడిగాడు. చివరికి రిటైరైన తండ్రి ఫోన్ చేస్తే కొడుక్కి తీరిక లేదు, వాళ్ల పిల్లలకు జ్వరం. ఒక జీవితకాలం నాలుగు చరణాల్లో గడిచిపోతుంది. అందులో పోట్లాటంటూ లేదు. పోట్లాడుకోవాలన్నా ఇద్దరూ ఒక చోట ఉండాలి కదా.

స్టీవెన్స్ పాట ఒకే ఒక్క సంభాషణ. ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు. మాటలకు లోటు లేదు. ఇక్కడి నుంచి నేను మాట్లాడేది ఈ పాట గురించే.

‘ఫోక్’ అన్నంత మాత్రాన జానపదమా?

ఈ పాటను ఇంగ్లీషువాళ్లు ఫోక్ సాంగ్ అంటారు. మనం వెంటనే జానపద గీతం అని తెలుగు చేసేస్తాం. అక్కడ రెండో చిక్కు.

మనకు జానపదమంటే కర్త తెలియని పాట. నాట్ల వేళ చేలో పుట్టి, ఒక నోటి నుంచి ఇంకో నోటికి మారుతూ, ఊరూరికీ ఒక చరణం పెరుగుతూ తరుగుతూ వచ్చింది. నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు, పడవ పాటలు అలాంటివే. తూర్పు గోదావరికి చెందిన నేదునూరి గంగాధరం లాంటివాళ్లు పల్లె పల్లెకూ తిరిగి ఇలాంటి పాటలు రాసుకున్నారు కాబట్టి కొన్నయినా మిగిలాయి. ఆ పాట ఎవరిదని అడిగితే ‘మా అమ్మమ్మ పాడేది’ అన్నదే సమాధానం.

ఇంగ్లీషులో ఫోక్‌కు మొదట్లో ఇదే అర్థం. 1960ల నాటికి దానికి రెండో అర్థం కలిసింది. గిటార్ పట్టుకుని, తను రాసుకున్న పాటను, ఆర్భాటం లేకుండా, ఎదురుగా కూర్చున్నవాళ్లకు చెబుతున్నట్టు పాడితే అదీ ఫోక్. స్టీవెన్స్ పాట ఈ రెండో రకం. కర్త ఉన్నాడు, తేదీ ఉంది, హక్కులున్నాయి. దాన్ని జానపదం అనడం సరికాదు. మన మాటల్లో దగ్గరగా చెప్పాలంటే భావగీతం అనొచ్చు.

అయితే యాభై ఏళ్లకు పైగా ఈ పాట కర్త చేతిలోంచి జారి జనం నోళ్లలో తిరుగుతోందన్నదీ నిజమే. ఐర్లండ్ బృందం బాయ్‌జోన్ 1995లో మళ్లీ పాడితే బ్రిటన్ పట్టికలో రెండో స్థానానికి వెళ్లింది. మొదటి రికార్డు నాటికి పుట్టనివాళ్లకు ఆ గొంతులే అసలైనవి. ఆ లెక్కన జానపదానికుండే గుణం ఒకటి దీనికీ అబ్బింది. ఎవరింటికి వెళ్తే వాళ్లింటి పాటైపోతుంది.

ఆ తండ్రి ఒక రైతు

అరుగు మీద నేను చెప్పినప్పుడు బావగారి చేయి ఆగిపోయిన సంగతి ఇది. ఈ పాటలోని తండ్రి మొదట్లో ఒక రైతు.

స్టీవెన్స్‌కు పంతొమ్మిదో ఏటికే పేరొచ్చింది. 1969లో క్షయ వచ్చి ప్రాణం మీదికి తెచ్చింది. నెలల తరబడి ఆసుపత్రిలో, ఆ తర్వాత చాలాకాలం ఇంట్లో మంచం పట్టాడు. ఆ రోజుల్లో నటుడు నైజెల్ హాథోర్న్‌తో కలిసి రష్యా విప్లవం నేపథ్యంగా ఒక సంగీత నాటకం తలపెట్టాడు. పేరు ‘రెవొలూషియా’. అందులో ఒక పల్లెటూరి కుర్రాడు విప్లవంలో చేరతానంటాడు. పాతకాలపు రైతు అయిన తండ్రి వద్దంటాడు. ఆ ఘట్టం కోసం పుట్టిందే ఈ పాట. జబ్బు వల్ల నాటకం మూలపడింది, పాట మిగిలింది.

నాటకం పోవడంతో పాటలోంచి రష్యా పోయింది, విప్లవం పోయింది, పొలమూ పోయింది. కొడుకు ఎక్కడికి వెళ్తున్నాడో పాటలో ఎక్కడా లేదు, ఎందుకు వెళ్తున్నాడో లేదు. ‘వెళ్లాలి’ అన్న ఒక్క మాటే ఉంది. ఇది లోపమని కొందరికి అనిపిస్తుంది. నాకు మాత్రం పాట బతికిందే దీనివల్ల అనిపిస్తుంది. ఆ ఖాళీలో ఎవరి ఊరు వాళ్లు పెట్టుకోవచ్చు.

స్టీవెన్స్ సొంతింటి సంగతీ కొంత ఇందులో ఉంది. తండ్రి సైప్రస్ నుంచి వెళ్లిన గ్రీకు, తల్లి స్వీడన్ ఆవిడ. లండన్‌లో వాళ్లకు ఒక హోటల్ ఉండేది. కొడుకు ఆ హోటల్ చూసుకుంటే బాగుండునని తండ్రికి ఉండేది. కానీ పాటలవైపు వెళ్తానంటే అడ్డుపడలేదని స్టీవెన్సే చెప్పాడు. కాబట్టి పాటలోని తండ్రిని ఆయన కన్నతండ్రితో ఒకటి చేసెయ్యకూడదు.

ఒకే బాణీ, రెండు స్థాయిలు, ఒకే మనిషి

ఇక బావగారి ప్రశ్నకు వద్దాం. రెండో మనిషేడీ?

లేడు. రెండు పాత్రలూ స్టీవెన్సే. తండ్రి మాటల్ని కింది స్థాయిలో, లోగొంతుతో పాడాడు. కొడుకు మాటల్ని పై స్థాయిలో, గొంతు చించుకుంటున్నట్టు పాడాడు. మంద్రంలో తండ్రి, తారంలో కొడుకు అనుకోండి.

గోదావరివాళ్లకు ఇది కొత్త కాదు. హరికథ విన్నవాళ్లందరికీ తెలుసు. గజ్జె కట్టి, చిడతలు పట్టిన హరిదాసు ఒక్కరే హిరణ్యకశిపుడూ అవుతారు, ప్రహ్లాదుడూ అవుతారు. గొంతు దించితే తండ్రి గర్జించాడు, గొంతు సన్నం చేస్తే పసివాడు జవాబిచ్చాడు. కపిలేశ్వరపురంలో హరికథ నేర్పడానికి ఒక పాఠశాలే ఉంది. అక్కడ నేర్చుకున్న అమ్మాయిలు కూడా ఇలాగే తండ్రీ కొడుకూ తామే అయి పాడతారు.

తేడా ఎక్కడంటే, హరికథలో తండ్రికి ఒక నడక, కొడుక్కి ఒక నడక పెడతారు. హిరణ్యకశిపుడి దరువు వేరు, ప్రహ్లాదుడి పద్యం వేరు. ఈ పాటలో ఇద్దరికీ బాణీ ఒక్కటే. తండ్రి ఏ వరసలో ‘తొందరపడకు’ అన్నాడో, కొడుకు అదే వరసను మెట్టు మీదకెత్తి ‘ఎలా చెప్పను నీకు’ అంటాడు. కొడుకు ఎంత తెగించి మాట్లాడినా తండ్రి బాణీలోనే మాట్లాడుతున్నాడు. వాడికి వేరే బాణీ లేదు, ఆ ఇంట్లో నేర్చుకున్నదే ఉంది. మాటలు అర్థం కాకపోయినా ఇది చెవికి తెలుస్తుంది. బావగారు “ఎవరికో నచ్చజెబుతున్నట్టుంది” అన్నది ఈ బాణీని విని.

పాట నిర్మాణాన్ని వరసగా చూద్దాం. మొదట తండ్రి. ఇది మార్పుకు వేళ కాదు, నెమ్మదించు, నువ్వింకా చిన్నవాడివి, అదే నీ తప్పు, ఒక పిల్లను చూసుకుని స్థిరపడు, నన్ను చూడు, ముసలివాణ్ణే గాని సంతోషంగా ఉన్నాను, నేనూ ఒకప్పుడు నీలాంటివాణ్ణే అంటాడు. తర్వాత కొడుకు. చెప్పబోతే మొహం తిప్పేసుకుంటాడు, మాటలొచ్చిన దగ్గర్నుంచి వినమనే చెప్పారు నాకు, ఇక వెళ్లక తప్పదు అంటాడు. మధ్యలో కాసేపు వాద్యాలు.

ఆ తర్వాతే అసలు విషయం. తండ్రి మళ్లీ తన మాటలే మొదలుపెడతాడు. ఈసారి ఆ మాటల అడుగున, దూరం నుంచి వస్తున్నట్టు, ఇంకో గొంతు ‘వెళ్లాలి, ఈ నిర్ణయం నేనొక్కణ్ణే తీసుకోవాలి’ అంటుంటుంది. అది కొడుకు మనసు. ఆ వెంటనే కొడుకు వంతు. ఇన్నాళ్లూ లోపల దాచుకున్నదంతా చెబుతుంటే, అడుగున తండ్రి గొంతు ‘ఉండు, ఉండు, ఒక్కడివే ఎందుకు నిర్ణయించుకుంటావు’ అని బతిమాలుతుంటుంది. పైకి వినబడేది ఒకటి, అడుగున నడిచేది ఒకటి. వింటున్న మనకు రెండూ వినబడతాయి. పాటలో ఉన్న ఆ ఇద్దరికి మాత్రం అవతలి గొంతు చెవికెక్కదు.

తండ్రి రెండోసారి కొత్త సంగతి ఒక్కటీ చెప్పడు. మొదటిసారి చెప్పిందే మళ్లీ చెబుతాడు. నాకు ఆ పాట మొత్తంలో గుచ్చుకునే చోటు అదే. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఒకే మాట నాలుగుసార్లు చెప్పడం చాదస్తమనుకుంటాం. నాలుగోసారి చెప్పేటప్పటికి ఆ మాట అడుగున ఇంకేదో నడుస్తుంటుంది.

పాట ఎవరి పక్షం?

కొడుకు పక్షమనేవాళ్లకు గట్టి ఆధారాలే ఉన్నాయి. పాట వచ్చింది 1970లో. పడమటి దేశాల్లో యువత వియత్నాం యుద్ధాన్ని, ఇంటి పెద్దల్ని, కాలేజీ పెద్దల్ని ఒకేసారి ఎదిరిస్తున్న కాలం. పాడినవాడికి 22 ఏళ్లు. చివరి మాట కొడుకుదే. పైగా పై స్థాయిలో పాడిన చరణానికి సహజంగానే వినేవాడి గుండె అటు మొగ్గుతుంది.

తండ్రి పక్షమనేవాళ్లు ఇంకోటి చూపిస్తారు. పాటలో తిట్టు లేదు, శాపం లేదు, ‘నా గడప తొక్కకు’ అన్న మాట లేదు. తండ్రి మొదటే ‘నెమ్మదించు’ అని తాపీగా చెబుతాడు. రేపటికి నువ్వుంటావు గాని నీ కలలుండకపోవచ్చు అని హెచ్చరిస్తాడు. తను కలలు కన్న మనిషి కాబట్టే ఆ మాట అనగలిగాడు. వయసు మీరిన కొద్దీ ఈ పాటలో తండ్రి మాటలే ఎక్కువ నిజమనిపిస్తాయని చాలామంది చెబుతారు. నాకూ ఇరవైల్లో ఒకలా, ఇప్పుడు ఒకలా వినబడుతోంది.

స్టీవెన్స్ స్వయంగా, తను కొడుకు పక్షం తీసుకున్నానని కొందరు అనుకుంటారని, తండ్రి వైపు అర్థం కాకపోతే ఆ మాటలు తనెలా పాడగలిగేవాణ్ణని అన్నాడు. కర్త మాటే చివరిమాట కానక్కర్లేదు. కానీ ఒకే గొంతు, ఒకే బాణీ ఉన్న పాటకు ఆ మాట సరిగ్గా అతుకుతుంది.

మన ప్రహ్లాదుడి కథతో పోలిస్తే ఇది ఇంకా తేటపడుతుంది. తండ్రీకొడుకుల తగవు మనకు కొత్తేం కాదు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ కూడా ప్రహ్లాదుడి కథే. ఆ కథలో న్యాయం ఎటుందో మొదటి నుంచీ తెలుసు. స్తంభం పగిలి నరసింహుడు బయటికొస్తాడు, తగవు తీరిపోతుంది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదిలో ఆ నరసింహుడికి దండం పెట్టుకుని పెరిగినవాళ్లం మనం. కాబట్టి తండ్రీకొడుకుల తగవంటే ఎవరో ఒకరు గెలవాలని మన మనసు ఎదురుచూస్తుంది. ఈ పాటలో ఏ స్తంభమూ పగలదు. మూడోవాడెవడూ రాడు. తగవు తెగకుండానే పాట ఆగిపోతుంది.

‘సెటిల్’ అనే మాట తిరగబడిన చోటు

ఇప్పుడు ఈ పాటను గోదావరి డెల్టా ఇంట్లో పెట్టి చూద్దాం. మొదట అచ్చం పాటలాగే ఉన్న ఇల్లు.

మూడెకరాల మాగాణి, గట్టు మీద కొబ్బరిచెట్లు. సార్వా, దాళ్వా రెండు పంటలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలొచ్చాక ఇక్కడ ‘ఉండిపో’ అనే మాటకు బలం వచ్చింది. నీళ్లున్నాయి, నేలుంది, ఎక్కడికి పోతావు? అలాగని ఎవరూ వెళ్లలేదనీ కాదు. అప్పట్లో కాకినాడ, కోరంగి రేవుల నుంచి ఓడెక్కి వేలమంది బర్మా వెళ్లారు. రంగూన్‌ను మనవాళ్లు రంగం అనేవారు. అక్కడివాళ్లు తెలుగువాళ్లను కోరంగీలనే పిలిచేవారు. ఆ రోజుల్లో ‘రంగం పోతాను’ అన్న కొడుక్కి ‘ఉండరా’ అన్న తండ్రి, పాటలోని తండ్రి ఒకే మనిషి. ఇక్కడ పాట మాటలు మార్చకుండా సరిపోతాయి.

రెండో ఇల్లు మా అక్కగారిది. పేర్లెందుకు గాని, ఇలాంటి ఇళ్లు వీధికి నాలుగున్నాయి. తండ్రి వరి పండించి, కాయ అమ్మి కొడుకును ఇంజినీరింగ్ చదివించారు. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక సార్వా నాట్లు మానేసి పంట విరామం ప్రకటించిన ఏడు ఆయనకు బాగా గుర్తు. పచ్చగా ఉండాల్సిన చేను ఖాళీగా ఉంటే ఇంట్లో అన్నం సయించలేదంటారు. ఆ ఏడే ఆయన ఒక నిశ్చయానికొచ్చారు, నా కొడుకు ఈ బురదలో దిగకూడదని. కొడుకు హైదరాబాద్ వెళ్లాడు. కరోనా కాలంలో ఏడాదిపైగా ఇంటి నుంచే పనిచేశాడు. కాలవ గట్టు మీద నడక, అమ్మ చేతి కూర అలవాటయ్యాయి. ఇప్పుడు ఉద్యోగం మానేసి వస్తాను, చేను చెరువు చేసి రొయ్య వేస్తానంటున్నాడు.

ఇక్కడ ఎవరి మాట ఎవరిది? ‘వెళ్లు’ అంటున్నది తండ్రి. ‘ఉంటాను’ అంటున్నది కొడుకు. పాట తిరగబడింది.

ఈ తారుమారంతా ఒక్క మాటలో దొరుకుతుంది. పాటలో తండ్రి కొడుకును ‘సెటిల్’ అవమంటాడు. ఇంగ్లీషులో అక్కడ ఆ మాటకు అర్థం పెళ్లి చేసుకుని, ఇంటిపట్టున కుదురుగా ఉండిపోవడం. ఆ మాట మన నోట్లోకి వచ్చి తెలుగైపోయింది, అర్థం మాత్రం అటుదిటైంది. ‘వాళ్లబ్బాయి సెటిలయ్యాడండి’ అంటే ఊరు దాటాడని. హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో. ఊళ్లో ఉండి బంగారం పండించినా ‘ఇంకా సెటిల్ కాలేదండి, ఇక్కడే ఉన్నాడు’ అంటారు. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ఈ మాట ఎంత గట్టిదో ఇళ్లలో అందరికీ తెలుసు. పాటలో తండ్రి ‘పిల్లను చూసుకుని స్థిరపడు’ అన్నాడు. ఇక్కడ ఊళ్లో స్థిరపడితే పిల్లను ఇచ్చేవాళ్లు తగ్గుతారని తండ్రి భయం.

ఇద్దరి వాదనా వినాలి. కొడుకు లెక్క ఇది. 2009లో మన దేశంలో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చాక డెల్టాలో ఊళ్లకు ఊళ్లు చెరువులయ్యాయి. పంట మూడు నాలుగు నెలల్లో చేతికొస్తుంది. 30 కౌంట్ తీస్తే, అంటే కిలోకి 30 రొయ్యలు తూగేంత పెద్దవి చేస్తే, ధర బాగుంటుంది. 100 కౌంట్‌కే పట్టేయాల్సి వస్తే మేత ఖర్చు కూడా వస్తుందో రాదో. చదువుకున్నవాణ్ణి, నీటి పరీక్షలు, మేత లెక్కలు, ధరలు చూసుకోగలనంటాడు. తండ్రి మాట వేరు. తెల్లమచ్చ వైరస్ ఒక్క వారంలో చెరువంతా ఊడ్చేయడం ఆయన కళ్లారా చూశారు. రాత్రి కరెంటు పోయి, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్యలు తేలతాయి. పక్కవాడి వరిచేను ఉప్పెక్కితే ఊళ్లో మొహం చూపించలేం. ఒకసారి తవ్విన చేను మళ్లీ చేను కావడం మాటలు కాదు.

పాటలోని తండ్రి ‘నేనూ ఒకప్పుడు నీలాంటివాణ్ణే’ అంటాడు. తరాల మధ్య తేడాను అర్థం చేసుకోవడానికి ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. ఇక్కడ రెండు తేడాలున్నాయి. ఒకటి వయసు తేడా. ఇరవైలో ఉన్నవాడికి తొందర, అరవైలో ఉన్నవాడికి జాగ్రత్త, ఇవాళ్టి కొడుకు రేపటి తండ్రి. రెండోది కాలం తేడా. కార్ల్ మాన్‌హైమ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1928లో చెప్పింది ఇదే. ఒకే వయసువాళ్లు కావడం వల్లే ఒక తరం కాదు, యవ్వనంలో ఏ పెద్ద మార్పును కలిసి అనుభవించారో అది వాళ్లను ఒక తరం చేస్తుంది. పాటలోని తండ్రి వయసు తేడా మీదే నిలబడ్డాడు. నేను దాటివచ్చిందే నువ్వు దాటుతున్నావు అంటున్నాడు. బావగారు ఆ మాట అనలేరు. ఆయన ఇరవయ్యో ఏట వెనామీ లేదు, ఇంటి నుంచి ఉద్యోగం లేదు. ఆయన దాటింది వేరే ఏరు. వరి అనుభవం రొయ్య దగ్గర ఎంతవరకు పనికొస్తుందో ఆయనకూ అనుమానమే. అందుకే ఆయన ‘నన్ను చూడు’ అనరు, ‘నాలా కాకు’ అంటారు.

మాటలు తారుమారైనా పాట ఆ ఇంటికి సరిపోయింది. సరిపోయింది బాణీ వల్ల. కొడుకు పట్టుదల తండ్రి నుంచి వచ్చిందే. ఎకరం అమ్మకుండా బిడ్డను చదివించిన మొండితనం, అదే ఎకరం మీదికి తిరిగొస్తానంటోంది.

పాటలో చోటు దొరకనివాళ్లు

ఈ పాటలో తల్లి లేదు. మా అరుగు మీద అక్క ఉంది, గుమ్మంలో నిలబడి అంతా వింది, ఒక్కమాటా అనలేదు. పాటను మెచ్చుకునేటప్పుడు ఈ ఖాళీనీ చూడాలి.

కూతురూ లేదు. మన జానపదంలో ఇల్లు విడిచివెళ్లే బిడ్డ కూతురే. ఆమె కోసం అప్పగింతల పాటలున్నాయి, పెళ్లింట్లో ఆ పాట ఎత్తుకుంటే ఏడవనివాళ్లుండరు. కొడుకు వెళ్లేటప్పుడు పాడే పాట మాత్రం నేను ఎక్కడా వినలేదు. కొడుకు వెళ్లడు అన్న నమ్మకం మీద కట్టిన ఇళ్లు కదా అవి. బహుశా అందుకే ఒక లండన్ కుర్రాడి పాట రాజోలు దాకా వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది.

భూమి లేనివాళ్లూ ఇందులో ఇమడరు. ‘ఉండిపో’ అనాలంటే తండ్రి చేతిలో ఉండిపోవడానికి ఏదో ఒకటి ఉండాలి. కౌలురైతు ఇంట్లో, కూలి ఇంట్లో కొడుకు వెళ్తానంటే అది తిరుగుబాటు కాదు, ఇంటిల్లిపాది ఎదురుచూసే కబురు. ఈ డెల్టా పల్లెల నుంచి ఇళ్లలో పనికి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లినవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. అంటే కొన్నిళ్లలో వెళ్లింది అమ్మ. తండ్రీ కొడుకూ ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు, ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని. ఆ ఇంటి పాట ఇంకా ఎవరూ కట్టలేదు.

యాభై ఏళ్ల తర్వాత అదే గొంతు

క్యాట్ స్టీవెన్స్ 1977లో ఇస్లాం స్వీకరించి యూసుఫ్ ఇస్లాం అయ్యాడు. గిటార్లు అమ్మేసి చాలా ఏళ్లు పాటలకు దూరంగా ఉన్నాడు. మళ్లీ వచ్చాక, 2020లో ఆ పాత ఆల్బమ్ మొత్తాన్ని తిరిగి పాడి విడుదల చేశాడు. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు. అందులో ఈ పాట దగ్గర ఒక పని చేశాడు. తండ్రి చరణాలు ఇప్పటి గొంతుతో పాడాడు. కొడుకు చరణాలకు 1970 నాటి తన కచేరీ రికార్డింగులోని గొంతునే తీసుకున్నాడు. 22 ఏళ్ల తనతో 72 ఏళ్ల తను మాట్లాడుతున్నాడు.

ఈ సంగతి చెప్పగానే మేనల్లుడు ఫోన్‌లో వెతికి పెట్టాడు. గొంతు గరగరలాడుతోంది, కాస్త బరువెక్కింది. మొదటి రికార్డులో తండ్రి చరణం నటన. ఇందులో నటన అక్కర్లేదు. బావగారు చాకు పక్కన పెట్టి విన్నారు. కొడుకు గొంతు మొదలవగానే “ఇదీ ఆయనేనా?” అన్నారు.

“ఆయనే నాన్నా. కుర్రప్పుడు.”

పాట అయిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఆయన ఈనెలన్నీ పోగుచేసి, మొదలు నేలకేసి తట్టి సమం చేసి, తాడు కోసం అటూ ఇటూ చూశారు. మేనల్లుడు లేచి దూలానికి వేలాడుతున్న కొబ్బరితాడు తెచ్చి ఇచ్చాడు. ఆయన కట్ట పట్టుకున్నారు, వాడు తాడు చుట్టి బిగించాడు.

“చెరువుకి ఏ చేను అనుకుంటున్నావు?” అని అడిగారు బావగారు, కట్ట మీద నుంచి చూపు తీయకుండా.

“కాలవ పక్కది కాదు నాన్నా. కిందిది, దాళ్వాకి నీరందనిది.”

“దానికి పక్కన వాళ్ల వరి ఉంది,” అన్నారాయన. “ముందు వాళ్లని అడగాలి.”